ముతింత సాన్ ఎవరి క్లాసులో కూర్చుంది

మా రిటైర్డ్ టీచర్ల సంఘం పత్రికవాళ్లు ఫోన్ చేసి, జాంబియా నుంచి మన జపాన్‌కి వచ్చి మన బడిలో ఏడాదిపాటు కూర్చుని చదువుకున్న ముతింత సాన్ గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ఆమె గురించి నాకంటే మా బడి కుర్ర మాస్టరు షిగెతోకే ఎక్కువ తెలుసు. అయినా ఆయన్ని వదిలేసి నన్ను అడిగారు. ఈ ముక్క విన్నాక ఇక నేను బెట్టు చేస్తానా? ఫోన్ పెట్టేలోపే ఒప్పేసుకున్నాను.

పూర్తి పేరు ముతింత హమూంగా; సాన్ అంటే మా భాషలో గారు, టీచర్లకైతే సెన్సే అంటాం. జాంబియాలో దక్షిణాన చోమా అనే ఊరు ఉందట, ఆ పక్కన ఒక పల్లె బడిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పింది. క్లాసుకి డెబ్బై ఒక్క మంది. పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు. నేను చివరి ఏడాది ఇరవై ముగ్గురికి చెప్పి అలిసిపోయానని అందరికీ చెప్పుకునేదాన్ని, ఈ సంగతి విన్నాక మానేశాను. వాళ్ల ప్రభుత్వం చదువు చెప్పే తీరు మార్చాలని మా పద్ధతి ఒకటి తీసుకుంది. టీచర్లంతా కలిసి ఒక పాఠం తయారుచేయడం, ఒకరు చెబుతుంటే మిగిలినవాళ్లు వెనక నిలబడి పిల్లల్ని చూడటం, తర్వాత కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం. మాకిది అన్నం తిన్నంత మామూలు. అక్కడికి చేరేసరికి అది ఫారాలు నింపే పనిగా తయారైందట. ఇది కాదే, అసలుది వేరే ఉండాలే అని ముతింత సాన్‌కి మనసులో పడింది. స్కాలర్‌షిప్ సంపాదించింది. ఏడేళ్ల కూతుర్ని అక్క దగ్గర వదిలిపెట్టి, ముప్పై మూడో ఏట, సైజోలో ఉన్న విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేయడానికి వచ్చేసింది. పిల్లల్ని చూస్తూ సిద్ధాంత గ్రంథం రాసుకోవడానికి ఒక బడి కావాలంటే, ఆమె ప్రొఫెసరు మా ఇచినోసే బడికి పంపాడు. సైజో నుంచి బస్సులో అరగంట. కొండ పక్కన బడి, తరగతికి ఒక్కటే సెక్షను.

ఆమెని మొదటిసారి చూసింది ఏప్రిల్లో, స్టాఫ్ రూములో. పొడుగు మనిషి. గుమ్మం దగ్గర అతిథులకి పెట్టే స్లిప్పర్లలో ఆమె పాదాలు సగమే పట్టాయి, మడమలు నేలమీదే ఉన్నాయి. మర్నాడే సైజో బజారుకి వెళ్లి, పిల్లలు బడి లోపల తొడుక్కునే తెల్ల బూట్లే మగవాళ్ల సైజులో కొనుక్కొచ్చింది. పిల్లల్లాగే ముందువైపు తన పేరు కూడా రాసుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ బూట్లు నచ్చాయి కూడా. అప్పటికింకా కుళ్లు మొదలవలేదు.

హెడ్మాస్టరు ఒకిమోతో గారు ఆమెని అందరికీ పరిచయం చేశారు. వారానికి రెండు రోజులు, మంగళవారం, గురువారం వస్తుందట. మొదటివారం అన్ని క్లాసులూ చూసి, ఏడాదంతా కూర్చోవడానికి ఒక క్లాసు తనే ఎంచుకుంటుందట. ఆ మాటకి అందరూ నా వైపు చూశారు. చూడరా మరి. ముప్పై ఏడేళ్ల సర్వీసు, అదే నా చివరి ఏడాది, పైగా బడిలో ఈ పాఠాల పరిశీలనకి ఇన్‌చార్జిని. ఆ మధ్యాహ్నమే నా అయిదో తరగతిలో వెనక గోడకి ఆనించి ఒక కుర్చీ వేయించాను. దానికో చిన్న మెత్త కూడా కుట్టాను.

ఇక్కడొకటి చెప్పకపోతే మీకు నా బాధ అర్థంకాదు. నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, పనిచేసే టీచర్లని జీతమిచ్చి రెండేళ్లు ఇదే విశ్వవిద్యాలయానికి ఎం.ఏ. చదువుకోమని పంపే జాబితాలో నా పేరు కూడా వెళ్లింది. చివరికి పక్క బడి మాస్టారిని పంపారు. ఆయన తిరిగొచ్చి పదేళ్లపాటు ప్రతి మీటింగులో "నేను అక్కడ చదువుకునేటప్పుడు" అని మొదలుపెట్టేవాడు. నేను టీ పోసేదాన్ని. ఇప్పుడు సగం ప్రపంచం దాటి ఒకావిడ వచ్చి ఆ లైబ్రరీలోనే కూర్చుని చదువుకుంటోంది. కనీసం ఆమె రాసే గ్రంథంలో నా పాఠమైనా ఉండాలి. నాకు కావలసింది అంతే. ఎక్కువేం అడగలేదు.

ఆమె నాలుగో తరగతిని ఎంచుకుంది. షిగెతో క్లాసు. ముప్పై నాలుగేళ్ల కుర్రాడు, చొక్కాకి ఎప్పుడూ సుద్దపొడి, బోర్డు మీద అక్షరాలు కొండెక్కుతున్నట్టు వంకరగా పోతాయి. పాఠం సమయానికి ఏనాడూ ముగించడు.

టీ కాచుకునే గదిలో ఆమె ఒంటరిగా దొరికితే, ఏమీ పట్టనట్టు కప్పులు కడుగుతూ, అయిదో తరగతి బాగోలేదా అని అడిగాను.

"చాలా బాగుంది, మొరివాకి సెన్సే. మీరు చెప్పకముందే పిల్లలు సర్దుకుని కూర్చుంటారు," అంది. నేను కడిగిన కప్పు ఒకటి అందుకుని తుడిచింది. "షిగెతో సెన్సే క్లాసులో పిల్లలు ఆయనతో పోట్లాడతారు. నేను ఆ పోట్లాట చూడటానికే వచ్చాను."

చూడండి, ఏళ్ల తరబడి పిల్లలకి క్రమశిక్షణ నేర్పినందుకు నాకు దక్కింది అది.

అప్పటినుంచి మంగళవారం, గురువారం నాకు ముళ్లమీద కూర్చున్నట్టే ఉండేది. గోడకి అవతలే నాలుగో తరగతి. భోజనం వేళ ఆమె పిల్లలతో కలిసి అదే ట్రేలో అన్నం, చేప, పాలు తినేది. మా ఊళ్లో మొక్కజొన్న పిండి ముద్దగా వండుకుని చేత్తో తింటాం, ఇక్కడ దొరకడమే లేదని చెబితే, పిల్లలందరూ వాళ్ల అమ్మల్ని పట్టుకుని పిండి వేటలో పడ్డారు. పిల్లలు బడి ఊడ్చి తుడిచే గంట కొట్టగానే తడిగుడ్డ పట్టుకుని వరండా ఈ చివరినుంచి ఆ చివరికి మోకాళ్లు ఎత్తి పిల్లలతో పరుగుపందెం. ఆమె నవ్వు పెద్దది. నేను భిన్నాలు చెబుతుంటే గోడ దాటి వచ్చేది. ఒక గురువారం పొద్దున్నించి సాయంత్రందాకా పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు, రిటైరయ్యాను కదా.

ఒకసారి మియాజిమా నుంచి తీపి చిక్కుడు ముద్ద పెట్టిన ఆకు ఆకారం బిళ్లలు తెప్పించి ఆమె బల్లమీద పెట్టాను. చాలా సంతోషించింది. సగం తను ఉంచుకుని మిగతా సగం షిగెతోకి ఇచ్చింది. ఆయన నా ఎదురుగానే నముల్తూ, వెనక గోడ దగ్గర మెత్త వేసిన కుర్చీ ఎవరికోసమో పాపం ఏప్రిల్ నుంచి ఎదురుచూస్తోందని, తనకి నడుము నొప్పిగా ఉంది, అప్పుడప్పుడు వచ్చి కూర్చోనా అని అడిగాడు. మంచివాడే. అందుకే ఇంకా ఒళ్లు మండేది.

ఆమె చూసే తీరు వేరు. టీచరు వంక అసలు చూడదు. ఎవరో ఒక పిల్ల పక్కన చిన్న స్టూలు వేసుకుని, నలభై అయిదు నిమిషాలూ ఆ పిల్ల చేతినే చూస్తుంది. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పెన్సిలు ఆగింది, ఎప్పుడు కిటికీలోంచి చూసింది, ఏం రాసింది, అన్నీ నోటుపుస్తకంలో ఎక్కించేది. పిల్లని చూడాలని మేమూ కొత్తగా వచ్చిన టీచర్లకి చెబుతాం. చెప్పి, మేం మాత్రం బోర్డు చూస్తాం.

అక్టోబరులో షిగెతో కోణాల పాఠం చెప్పాడు. ముతింత సాన్ దాన్ని గ్రంథంలోకి తీసుకుంటానంది. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకొక పాఠం కావాలని, నవంబరులో బయటి బడులవాళ్లని పిలిచి చూపించే పాఠం నచ్చితే అది తీసుకుంటానని హెడ్మాస్టరుకి చెప్పింది. ఆ పాఠం ఎవరు చెప్పాలో తేల్చేది ఇన్‌చార్జి. ఇన్‌చార్జి నేను. ఎవర్నీ అడగకుండా కాగితం మీద నా పేరు రాసేసుకున్నాను.

పాఠం సమాంతర చతుర్భుజం వైశాల్యం. అడుగు భుజం ఏడు సెంటీమీటర్లు, ఏటవాలు భుజం అయిదు, ఎత్తు నాలుగు. ఈ పాఠం నడవాలంటే ముందు ఎవరో ఒకరు తప్పు చెయ్యాలి. దీర్ఘచతురస్రానికి చేసినట్టే పక్కపక్క భుజాలు గుణించి ఏడయిదులు ముప్పై అయిదు అనాలి. అది బోర్డు మీద ఎడమవైపు అంటిస్తాం. పిల్లలు దానిమీద పోట్లాడుకుంటూ ఒక చివర త్రికోణం కత్తిరించి రెండో చివర అతికిస్తారు, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది వస్తుంది. మాకు పాఠం అయ్యేదాకా బోర్డు తుడిచే అలవాటు లేదు. ఎడమనుంచి కుడికి ఆ పోట్లాటంతా అలాగే కనిపించాలి. ఎక్కడ ఏం వస్తుందో నేను నాలుగు రోజులు కాగితం మీద గీసుకున్నాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పెద్ద బడుల్లో రెండో సెక్షనులో ఒకసారి చెప్పి చూసుకుంటారు. మాకు రెండో సెక్షను లేదు. ముందు శుక్రవారం ఆఖరి పీరియడు ఖాళీగా ఉంది. ఒక్క పది నిమిషాలు, పిల్లలు కత్తెర ఎలా పట్టుకుంటారో చూద్దామనుకున్నాను. పది నిమిషాలు నలభై అయ్యాయి. తప్పు వచ్చింది, వాదన వచ్చింది, ఇరవై ఎనిమిది వచ్చింది. అబ్బ, ఎంత బాగా వచ్చిందో. ఆనందం పట్టలేక, మంగళవారం కూడా ఇలాగే చేద్దామర్రా అన్నాను.

మంగళవారం మూడో పీరియడు. వెనక ముప్పై నలుగురు టీచర్లు, వరండాలో మరో పది మంది. ముతింత సాన్ నా క్లాసులోకి వచ్చింది. నేను కుట్టిన మెత్త వైపు కూడా చూడకుండా తన స్టూలు తీసుకెళ్లి కోతోనె పక్కన వేసుకుంది. కోతోనె అంటే మూడో వరసలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. అంతమంది చురుకైనవాళ్లుండగా ఆ పిల్లేమిటి అని నాకు లోపల పీకింది.

బొమ్మ అంటించి, వైశాల్యం ఎంతో మీకు తోచినట్టు కనుక్కోండి అన్నాను. ఇంకా మాట పూర్తికాలేదు, ఇరవై కత్తెరలు ఒకేసారి ఆడాయి. అందరూ త్రికోణం కత్తిరించారు. అందరూ అటు అతికించారు. అందరూ ఇరవై ఎనిమిదే. నా బోర్డులో ఎడమవైపు మూడోవంతు ఖాళీగా పడి ఉంది. ఇంకోలా ఆలోచించినవాళ్లు లేరా అన్నాను. ఎవరూ లేవలేదు. కొంచెం వేరేగా కూడా ఫర్వాలేదు, ఎవరైనా అన్నాను మళ్లీ.

మొదటి వరసలో మియు, క్లాసు లీడరు, చాలా సాయం చేసే పిల్ల, చెయ్యెత్తి లేచింది.

"సెన్సే, శుక్రవారం నేను చేసిన తప్పు చెప్పమంటారా?"

వెనకాల ముప్పై నలుగురూ ఒకేసారి తమ కాగితాల్లోకి తలలు వంచుకున్నారు.

ఆ తర్వాత మీటింగు. మా దగ్గర పాఠం చెప్పినవాళ్లే ముందు మాట్లాడాలి. నేను లేచి, పిల్లలు ఉత్సాహంగా ఉన్నారని, సమయం సరిగ్గా సరిపోయిందని చెప్పి కూర్చున్నాను. ఒక్కొక్కరే లేచారు. బోర్డు మీద రాత చాలా అందంగా ఉందన్నారు. కాగితం బొమ్మలు పెద్దవిగా ఉండి వెనకదాకా కనిపించాయన్నారు. ఒకాయన అయస్కాంతాల రంగులు మెచ్చుకున్నాడు. శుక్రవారం అన్న మాట ఒక్క నోట కూడా రాలేదు. మావాళ్ల మర్యాద అంత చెడ్డది. నేను ఆ అయస్కాంతాల్లాగే గోడకి అంటుకుపోయి కూర్చున్నాను. షిగెతో మాత్రం ఏమీ మెచ్చుకోకుండా నేలవైపు చూస్తున్నాడు. జాలిపడుతున్నాడని తెలిసి ఇంకా కాలింది.

ముతింత సాన్ చెయ్యెత్తింది. నోటుపుస్తకం తెరిచి, ఒక్కో గీతా వేలితో చూపించుకుంటూ నిదానంగా చదివింది. "పది యాభై రెండుకి కోతోనె సాన్ ఏడు ఇంటూ అయిదు ముప్పై అయిదు అని రాసింది. పది యాభై మూడుకి పక్కవాళ్ల కత్తెరలు చూసింది. రబ్బరుతో తుడిచేసింది. పొడి ఊదేసింది. పది యాభై అయిదుకి పక్కపిల్ల బొమ్మ చూసి గీసుకుంది. ఆఖర్న మీరిచ్చిన కొత్త లెక్కలో మళ్లీ ఏటవాలు భుజమే గుణించింది. దాన్నీ తుడిచేసింది." పుస్తకం మూసింది. "మొరివాకి సెన్సే వెతికిన తప్పు క్లాసులోనే ఉంది. అది చెప్పడానికి ఆ పిల్లకి ధైర్యం ఎందుకు చాలలేదా అని ఆలోచిస్తున్నాను. మా ఊళ్లో ఇన్‌స్పెక్టరు వచ్చేముందు నేనూ ఇలాగే రెండుసార్లు చెప్పేదాన్ని. అప్పుడు నా డెబ్బై ఒక్క మందిలో ఎంతమంది తుడిచేసుకున్నారో నాకు తెలీదు."

గదిలో పెన్నులన్నీ కదిలాయి. అందరూ ఆమె మాటే రాసుకుంటున్నారు. ముప్పై ఏడేళ్లలో నా మాట అలా ఎవరూ రాసుకోలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సిగ్గు వేయాలి కదా, ముందు వచ్చింది కుళ్లే. నా క్లాసులో, నా పిల్ల పుస్తకంలో ఉన్నదాన్ని, వచ్చి నలభై అయిదు నిమిషాలు కూర్చుని ఈమె చూసింది. శుక్రవారం కూడా కోతోనె అలాగే తుడుచుకుని ఉంటుంది. నేను బోర్డు చూసుకుంటున్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, వస్తే గట్టిగా వచ్చింది.

లేచాను. నా వంతు అయిపోయింది, లేవకూడదు, లేచాను.

"శుక్రవారం ఈ పాఠం ఒకసారి చెప్పేశాను," అన్నాను. "పది నిమిషాలనుకున్నాను. మొత్తం చెప్పేశాను."

"మాకు తెలిసిందిలెండి, సెన్సే," అన్నాడు షిగెతో. ఒక్కసారిగా గదంతా నవ్వింది. ఆ నవ్వుతో ఊపిరాడింది నాకు. అయస్కాంతాలని మెచ్చుకున్న ఆయన కూడా, ఉద్యోగంలో చేరిన మూడో ఏట తనూ ఇదే పని చేశానని చెప్పాడు. ఆ తర్వాత గంటన్నర ఎడతెగకుండా మాట్లాడుకున్నాం.

రెండు రోజుల తర్వాత, గురువారం, ముతింత సాన్ ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పాఠం గురించి గ్రంథంలో రాసుకోవచ్చా, పేరు వెయ్యను, మీకు ఇష్టం లేకపోతే వదిలేస్తాను, అప్పుడు షిగెతో సెన్సే పాఠం ఒక్కటే ఉంటుంది అంది. సంతకం చెయ్యాల్సినచోట గీత చూపించింది.

చెడిపోయిన పాఠం. నా ఆఖరి పెద్ద పాఠం. అది ఎక్కడో విశ్వవిద్యాలయం అరలో అలాగే ఉండిపోతుంది. ఒద్దంటే ఎవరికీ తెలీదు. ఒద్దంటే షిగెతో ఒక్కడే ఉంటాడు.

"షిగెతో సెన్సే గురించి ఎన్ని పేజీలు?" అన్నాను.

ఆమె పాపం సీరియస్‌గా ఆలోచించి, పన్నెండో, పధ్నాలుగో అంది.

సొరుగులోంచి, సంతకం బదులు మేం వేసే పేరు ముద్ర తీసి కాగితం మీద నొక్కాను. కంగారులో తలకిందులుగా పడింది. ఇంకో మాట కూడా అడిగాను, డిసెంబరులో త్రికోణం వైశాల్యం చెబుతాను, ముందుగా ఏమీ చెప్పకుండా చెబుతాను, ఒకసారి వచ్చి చూడమని. మంగళవారం, గురువారం షిగెతోవి కదా, బుధవారం వస్తానంది. వచ్చింది. ఆ బుధవారం నేను కోతోనె పక్కనే ఎక్కువసేపు నిలబడ్డాను, రబ్బరు పెట్టెలో పెట్టేయమన్నాను. ఆ పిల్ల తప్పు బోర్డు ఎడమవైపు అంటించాం. పిల్లలు దానిమీద ఎంత పోట్లాడారంటే గంట కొట్టినా జవాబు రాలేదు. సమయానికి పాఠం ముగించకపోవడం అదే నాకు మొదటిసారి.

మార్చిలో రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడాది మార్చిలో, ఊరికి వెళ్లిపోయేముందు, ముతింత సాన్ అట్ట వేయించిన గ్రంథం ఒక ప్రతి బడికి తెచ్చింది. ఒకిమోతో గారు నన్నూ పిలిచారు. కూతురికి తొమ్మిదేళ్లు వచ్చాయట, ఎయిర్‌పోర్టుకి వస్తానందట, తనని గుర్తుపడుతుందో లేదో అని నవ్వింది. వెళ్లాక జిల్లా అంతటా టీచర్లకి ఈ పని నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారట. ఆమె బస్సు వెళ్లేదాకా చెయ్యూపి, షిగెతో, నేను గబగబా స్టాఫ్ రూముకి వచ్చి పుస్తకం తెరిచాం.

అంతా ఇంగ్లీషు. నాకొక ముక్క రాదు, షిగెతోకి అరాకొరా వచ్చు. అయినా కోణాల బొమ్మలు ఉన్నవి ఆయనవి, సమాంతర చతుర్భుజం ఉన్నవి నావి, ఆపాటి తెలుస్తుంది. ఆయన్ని ‘టీచరు ఏ’ అంది, నన్ను ‘టీచరు బి’ అంది. ఆయన ‘ఏ’ ఎందుకో నాకిప్పటికీ మింగుడుపడలేదు. పేజీలు తిప్పాం. ఆయనకి పధ్నాలుగు. నాకు ఇరవై మూడు.

"తప్పు చేస్తే ఇన్ని ఇస్తుందని ముందే తెలిస్తే నేనూ చేసేవాణ్ని కదా," అన్నాడు షిగెతో. నవ్వుతూనే అన్నాడు కానీ మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి లెక్కపెట్టాడు. అది చూస్తుంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. టీ పెట్టి, ఆయనకి కూడా పోశాను.

టీ తాగుతూ నావి ఒక్కొక్కటే తీరిగ్గా చూసుకున్నాను. బోర్డు ఫోటో, ఎడమవైపు ఖాళీతో సహా. మీటింగు గది. ఆ తర్వాత ఒక నోటుపుస్తకం ఫోటో, రబ్బరుతో తుడిచినా సన్నగా కనిపిస్తున్న ముప్పై అయిదు. తర్వాత పేజీలో ఆ పుస్తకమే. ఆ తర్వాతా అదే. డిసెంబరులో బోర్డుమీద అంటించిన కాగితం కూడా. లెక్కపెట్టాను. నా ఇరవై మూడులో తొమ్మిది పేజీలు కోతోనెవి.

అంటే నాకూ పధ్నాలుగే.